ముగ్గురు గడుసరులు, ఒక మధురవాణి

మగవాడికి తెలివి ఉంటే మన భాషలో "తెలివైనవాడు" అంటే సరిపోతుంది. ఆడమనిషి దగ్గరికి వచ్చేసరికి ఆ ఒక్క మాట చాలదు. గడుసరి, జాణ, నేర్పరి, మాటకారి, మాయలమారి, ఆరిందా... ఒక్కొక్కటీ ఒక్కో రుచి. ప్రతి మెచ్చుకోలులోనూ చిటికెడు కారం ఉంటుంది. "అమ్మో, గడుసుదే!" అన్నప్పుడు అది పొగడ్తో చురకో అనేవాళ్ళ మొహం చూస్తే గానీ తెలియదు.

ఆ "గడుసు" అన్న మాటను మూడు రకాలుగా విప్పి చూపించిన ఒక పాత ఇటాలియన్ సినిమా గురించి మీతో మాట్లాడాలని ఉంది. పేరు "ఐయెరి, ఓజ్జి, దొమాని". అంటే నిన్న, నేడు, రేపు. 1963లో వచ్చింది. దర్శకుడు విట్టోరియో డి సికా. "బైసికిల్ థీవ్స్" తీసిన ఆయనే. సత్యజిత్ రాయ్‌కి సినిమా తీయాలన్న పట్టుదలను గట్టిపరిచింది ఆ సైకిల్ కథే అని మీలో చాలామంది వినే ఉంటారు. కన్నీళ్ళు పెట్టించడంలో అంత పేరున్న ఆయన, ఇక్కడ రెండు గంటలపాటు నవ్విస్తాడు. 1965 ఆస్కార్ వేడుకలో ఉత్తమ విదేశీ భాషా చిత్రం బహుమతి దీనికే వచ్చింది.

ఒకే సినిమాలో మూడు విడివిడి కథలు. నేపుల్స్‌లో అడెలీనా, మిలాన్‌లో ఆన్నా, రోమ్‌లో మారా. ముగ్గురూ సోఫియా లారెనే. ముగ్గురి పక్కనా ఉండే మగవాడు మార్చెల్లో మాస్ట్రోయానీయే. ఒక కథలో మొగుడు, ఒక కథలో ప్రియుడు, ఒక కథలో విటుడు. అలాంటి కథల గుచ్ఛాలు అప్పట్లో ఇటలీలో బాగా నడిచేవి. డి సికాయే 1954లో "నేపుల్స్ బంగారం" అని ఒకటి తీశాడు. అందులో ఇరవై ఏళ్ళ సోఫియా లారెన్ పిజ్జాలు అమ్ముతుంది. ప్రియుడి ఇంట్లో మర్చిపోయిన పెళ్ళి ఉంగరం పిజ్జా పిండిలో పడిపోయి ఉంటుందని మొగుణ్ణి నమ్మిస్తుంది. ఆ వెర్రిబాగులవాడు పిజ్జాలు కొన్నవాళ్ళందరి చుట్టూ తిరుగుతాడు. గడుసు ఆడవాళ్ళ మీద డి సికాకి ఉన్న మక్కువ పదేళ్ళ తర్వాత ఈ సినిమాతో పండిందన్నమాట.

కడుపే కవచం

మొదటి కథ నేపుల్స్‌లోని ఫోర్చెల్లా పేటలో జరుగుతుంది. ఇరుకు సందులు, ఎదురుబొదురు బాల్కనీలు, పైనుంచి కిందికి కేకలు, తాళ్ళ మీద ఆరేసిన బట్టలు. అడెలీనా వీధిలో బల్ల వేసుకుని దొంగ సిగరెట్లు అమ్ముతుంది. ఇటలీలో పొగాకు ప్రభుత్వ గుత్తాధిపత్యంలో ఉండేది. పన్ను కట్టని సిగరెట్లు అమ్మడం నేరం. మొగుడు కార్మినేకి ఉద్యోగం లేదు. ఇల్లు నడిచేది ఆ బల్ల మీదే.

పడిన జరిమానా కట్టలేదు. సామాను జప్తు చేయడానికి అధికారులు వస్తే ఇల్లు ఖాళీగా ఉంటుంది. వీధి వీధంతా కలిసి మంచాలూ బీరువాలూ తలో ఇంట్లో దాచేస్తారు. అధికారులు అటు వెళ్ళగానే అన్నీ తిరిగి వచ్చేస్తాయి. ఈ ఒక్క సన్నివేశం చాలు, ఆ పేట ఎలాంటిదో అర్థం కావడానికి. ఇక సామాను లేదు కనుక మనిషిని పట్టుకుపోవాలి. అప్పుడే లాయరు ఒక సంగతి చెబుతాడు. కడుపుతో ఉన్న ఆడదాన్నీ, ప్రసవించి ఆరు నెలలు దాటనిదాన్నీ జైల్లో పెట్టకూడదు.

ఇది కథ కోసం కల్పించిన చట్టం కాదు. 1930 నాటి ఇటలీ శిక్షాస్మృతిలో నిజంగానే ఉన్న నియమం. ఈ కథ రాసిన నాటకకర్త ఎడ్వార్డో డి ఫిలిప్పో కూడా గాలిలోంచి అల్లలేదు. ఫోర్చెల్లాలో సిగరెట్లు అమ్ముకుంటూ, జైలు తప్పించుకోవడానికి వరసగా గర్భాలు మోసిన ఒక ఆవిడ నిజంగానే ఉండేది. (2025లో ఇటలీ ఈ రక్షణను సడలించింది. శిక్ష వాయిదా వేయాలా వద్దా అన్నది ఇప్పుడు న్యాయమూర్తి చేతిలో ఉంది.)

అడెలీనా లెక్క సులువుగా ఉంటుంది. ఆరు నెలల గడువు ముగిసేలోపు మళ్ళీ నెల తప్పాలి. తప్పితే పేటంతా పండగ. పోలీసులు వస్తారు, పొట్ట చూస్తారు, వెనక్కి పోతారు. అలా ఎనిమిదేళ్ళలో ఏడుగురు పిల్లలు. ఆఖరికి ఆ పేద కార్మినే ఎండిపోయిన చెరుకు పిప్పిలా తయారవుతాడు. ఇల్లంతా ఏడుపులు, పాలసీసాలు. మనిషికి నిద్ర లేదు, ఒంట్లో సత్తువ లేదు. మాస్ట్రోయానీ అంత అందగాడు ఆ పాత్రలో ఎలా వాడిపోయి కనిపిస్తాడో చూసి తీరాలి.

కార్మినే వల్ల ఇక కాదు. గడువేమో దగ్గర పడుతోంది. మిగిలిన దారి ఒక్కటే, కుటుంబ స్నేహితుడు పాస్క్వాలే. అడెలీనా అతని దగ్గరికి వెళ్తుంది. ఆఖరి క్షణంలో తన వల్ల కాదని ఏడుస్తూ తిరిగి వచ్చేస్తుంది. తిన్నగా జైలుకి పోతుంది. తర్వాత పేటంతా చందాలు వేసుకుని జరిమానా కడతారు. క్షమాభిక్షకి అర్జీ పెడతారు. ఆమె బయటికి వచ్చేస్తుంది.

గుదైబియాలో ఒక శుక్రవారం

బహ్రెయిన్‌లో ఉన్నవాళ్ళకి ఫోర్చెల్లా వీధులు చూడగానే గుదైబియా గుర్తొస్తుంది. అవే ఇరుకు సందులు, అవే బాల్కనీ కబుర్లు. కింద కోల్డ్ స్టోర్ కుర్రాడిని పైనుంచి కేకేసి కరివేపాకు తెప్పించుకోవడం కూడా అచ్చం అలాగే. మేము అరడజను మంది తెలుగు ఆడవాళ్ళం నెలకొక శుక్రవారం మధ్యాహ్నం ఎవరో ఒకరి ఫ్లాట్‌లో చేరి సినిమా చూస్తాం. పులిహోరో, ఉప్మాయో, ఎవరికి వీలైంది వాళ్ళు తెస్తారు. ఒకామె ఆస్పత్రిలో ప్రసూతి వార్డు నర్సు. ఒకామె బడిలో టీచరు. ఇద్దరు ఇళ్ళ దగ్గరే ఉంటారు. ఇంకొకావిడ కోనసీమ నుంచి వచ్చి ఒక ఇంట్లో పనిచేస్తోంది. ఆవిడకి సెలవు శుక్రవారమే. పేరు రాయను. మేమంతా "అక్కా" అనే పిలుస్తాం.

అక్కకి ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళు చదవడం రాదు. అందుకని ఆ రోజు నేను పక్కన కూర్చుని ఒక్కొక్క మాటా తెలుగులో చెబుతూ వచ్చాను. చెబుతుంటే తెలిసింది. తెర మీద చదువుకుంటే నవ్వొచ్చే సంగతి, పైకి తెలుగులో చెబితే వేరేగా ఉంటుంది. "మళ్ళీ కడుపొచ్చిందట" అని నేను నాలుగోసారి అన్నప్పుడు అందరూ నవ్వారు. ఆరోసారి అన్నప్పుడు నర్సు నవ్వలేదు.

"ఎనిమిదేళ్ళకి ఏడు కాన్పులు. ఒంట్లో రక్తం ఎంత మిగులుతుంది? గర్భసంచి ఏమవుతుంది? ఆమెని గడుసుది అంటున్నారు గానీ, జైలు తప్పించుకోడానికి ఆమె తన ఒంటినే జైలు చేసుకుంది" అంది.

టీచరు ఒప్పుకోలేదు. "చట్టం ఆమె కోసం రాయలేదు. పుట్టబోయే బిడ్డ కోసం రాశారు. ఆ చట్టాన్ని తనకి అనుకూలంగా తిప్పుకుందంటే అది తెలివి కాదా? చదువు లేదు, డబ్బు లేదు, మొగుడికి పని లేదు. ఆమె చేతిలో ఉన్నదల్లా ఆ ఒక్క వీలు."

అరగంట సాగింది ఆ వాదన. అప్పటిదాకా నోరు మెదపని అక్క ఒక మాట అంది. "ఆవిడికి కడుపే కాపాడిందండి. ఇక్కడ మాకైతే కడుపొస్తే టికెట్టు చేతిలో పెట్టి పంపేత్తారు."

గది కాసేపు నిశ్శబ్దమైపోయింది. గోదావరి జిల్లాల నుంచీ, కడప వైపు నుంచీ గల్ఫ్‌కి వచ్చే ఆడవాళ్ళు ఎందరో. కువైట్, ఒమన్, బహ్రెయిన్ ఇళ్ళల్లో పిల్లల్ని పెంచేదీ, వంట చేసేదీ, ముసలివాళ్ళకి సేవ చేసేదీ వాళ్ళే. వాళ్ళ సొంత పిల్లలు ఊళ్ళో అమ్మమ్మల దగ్గరో నాయనమ్మల దగ్గరో పెరుగుతుంటారు. అడెలీనా పిల్లల్ని కని ఇంట్లో ఉండిపోగలిగింది. వీళ్ళు పిల్లల కోసమే ఇల్లు వదిలి వచ్చారు. ఆ కథ చూసి ఆవిడ నవ్విన చోట్లు వేరు, మేము నవ్విన చోట్లు వేరు.

రోల్స్ రాయిస్ ఎక్కిన ప్రేమ

రెండో కథ చిన్నది. కావాలనే చిన్నదనిపిస్తుంది. అల్బెర్టో మొరావియా రాసిన కథ ఆధారంగా తీశారు. మిలాన్‌లో ఒక సంపన్నుడి భార్య ఆన్నా. డియోర్ దుస్తులు, మొగుడి రోల్స్ రాయిస్, పక్క సీట్లో రెంజో అనే రచయిత. డబ్బు మీద విసుగు పుట్టిందనీ, అన్నీ వదిలేసి అతనితో వచ్చేస్తాననీ దారి పొడుగునా చెబుతూనే ఉంటుంది. ముందు వెళ్ళే కార్లను తన కారుతో అలవోకగా రాసుకుంటూ పోతుంది. ఆ ధీమా ఎక్కడిదో మనకి అర్థమవుతూనే ఉంటుంది.

ఒక చోట స్టీరింగ్ రెంజో చేతికిస్తుంది. రోడ్డు మీద ఉన్న పిల్లవాణ్ణి తప్పించబోయి అతను కారును గుద్దేస్తాడు. పిల్లవాడు బతికాడు. కానీ కారుకి దెబ్బ తగిలింది. అంతవరకూ ప్రేమ గురించి కవిత్వం చెప్పిన మనిషి ఒక్కసారిగా మండిపడుతుంది. ఆ దారిన పోతున్న ఇంకో కారులో ఎక్కి వెళ్ళిపోతుంది. రెంజో రోడ్డు మీదే మిగులుతాడు.

మా గుంపులో ఈ కథ మీద ఎవరూ వాదించుకోలేదు. ఆన్నా తెలివైనదే. తనకేం కావాలో తనకి బాగా తెలుసు. కారు నడిచినంతసేపు ప్రేమ కావాలి, కారు ఆగితే ఇంకో కారు కావాలి. అందం, డబ్బు, మాటకారితనం అన్నీ ఉన్నాయి. ముగ్గురిలోనూ ఎవరూ ఇష్టపడనిది ఆమెనే. ఎందుకో అప్పుడు తెలియలేదు. మూడో కథ చూశాక తెలిసింది.

వారం రోజుల మొక్కు

మూడో కథ రోమ్‌లో, పియాజ్జా నవోనా పైనున్న ఒక మేడ మీద. మారా వేశ్య. ఎంచుకున్న కొద్దిమందినే రానిస్తుంది. వాళ్ళలో ఒకడు బొలోన్యా నుంచి వచ్చే ఔగుస్తో, బాగా డబ్బున్న తండ్రికి కొడుకు. మాస్ట్రోయానీ ఇక్కడ పంచదార కోసం పేచీ పెట్టే చిన్నపిల్లాడిలా ఉంటాడు.

మారా పక్క డాబాలో ఒక ముసలి జంట. వాళ్ళ మనవడు ఉంబెర్తో పాదిరీ కావడానికి చదువుకుంటూ సెలవులకి వచ్చాడు. డాబాల మీద పూలకుండీల మధ్య మారాని చూశాడు, మనసు పారేసుకున్నాడు. చదువు మానేస్తానంటాడు. అమ్మమ్మ అగ్గి మీద గుగ్గిలమైపోతుంది. మారాని నానా మాటలూ అంటుంది. మారా కూడా తక్కువ తినలేదు, ఎదురు తిడుతుంది. మన పల్లెల్లో వీధి కొళాయి దగ్గర జరిగే పోట్లాటకి ఏమాత్రం తీసిపోదు.

కొద్ది గంటలకే ఆ అమ్మమ్మ ఏడుస్తూ ఆమె గుమ్మంలోకే వస్తుంది. నా మనవణ్ణి నువ్వే దారిలో పెట్టాలి అని. మారా ఒప్పుకుంటుంది. అంతే కాదు, ఉంబెర్తో మళ్ళీ చదువుకి వెళ్తే ఒక వారం రోజులు ఎవరినీ రానివ్వనని మొక్కుకుంటుంది. ఆ వారం ఔగుస్తో పడే పాట్లే మిగతా కథంతా. ఈ సినిమా పేరు ఎత్తగానే ప్రపంచమంతా చెప్పుకునే సన్నివేశం ఇక్కడిదే. మారా ఒక్కొక్క బట్టా తీస్తూ ఔగుస్తోని ఊరిస్తుంది. అతను మంచం మీద కూర్చుని తోడేలులా కూస్తుంటాడు. సరిగ్గా అప్పుడే మొక్కు గుర్తొస్తుంది. ఆగిపోతుంది. చివరికి అతన్ని కూడా మోకాళ్ళ మీద కూర్చోబెట్టి ప్రార్థన చేయిస్తుంది. ముప్పై ఏళ్ళ తర్వాత 1994లో రాబర్ట్ ఆల్ట్‌మన్ తన సినిమాలో ఇదే సన్నివేశాన్ని ఆ ఇద్దరితోనే మళ్ళీ చేయించాడు. ఈసారి ముసలి మాస్ట్రోయానీ మధ్యలో నిద్రపోతాడు!

మారా కథ చూస్తుంటే మన మధురవాణి గుర్తుకు రాకుండా ఉంటుందా? గురజాడ "కన్యాశుల్కం" మొదట 1892లో విజయనగరంలో ప్రదర్శించారు. పెంచి రాసిన రెండో కూర్పు 1909లో వచ్చింది. ఊళ్ళో పెద్దమనుషులందరి చిట్టాలూ మధురవాణి చేతిలో ఉంటాయి. పీటముడి పడిన వ్యవహారాలన్నీ ఆమె ఒక్కతే విప్పగలదు. చివరి అంకంలో మగవేషం వేసుకుని సౌజన్యారావు పంతులు దగ్గరికి వెళ్తుంది. వేశ్యలను దరిచేరనివ్వనని వ్రతం పట్టిన మనిషి ఆయన. లుబ్ధావధాన్లు కేసులో ఆయనకి కావలసిన సాయం చేస్తానని, ఫీజుగా ఒక ముద్దు అడుగుతుంది. సాటి మనిషి ప్రాణం కోసం ఆయన చివరికి ఒప్పుకుంటాడు. అప్పుడు ఆమే ఆపేస్తుంది. చెడనివాళ్ళని చెడగొట్టవద్దని తల్లి నేర్పిన మాటని తలచుకుని వెనక్కి తగ్గుతుంది.

మారా మొక్కిన మొక్కు కూడా ఉంబెర్తో చెడిపోకూడదనే. విజయనగరానికీ రోమ్‌కీ మధ్య ఇన్ని వేల మైళ్ళు, ఈ రెండు రచనల మధ్య అరవై, డెబ్బై ఏళ్ళు. ఇద్దరు వేశ్యలూ సరిగ్గా ఒకే గీత దగ్గర ఆగారు. లోకం వాళ్ళకి గీతలు లేవనుకుంది. నిజానికి గీత తెలిసింది వాళ్ళకే.

ఆన్నా మీద ఎవరికీ ఇష్టం ఎందుకు కలగలేదో నాకప్పుడు అర్థమైంది. అడెలీనా పాస్క్వాలే గుమ్మం దాకా వెళ్ళి ఆగింది, జైలైనా సరే అనుకుంది. మారా ఆగింది. ఆన్నా ఎక్కడా ఆగలేదు. ప్రాణం దక్కిన పిల్లవాడి వంక చూడలేదు, రోడ్డు మీద ఒంటరిగా నిలబడిన మనిషి వంక చూడలేదు. తెలివి ముగ్గురికీ ఉంది. ఎక్కడ ఆగాలో ఇద్దరికే తెలుసు. మనం ఒకామెని ముద్దుగా గడుసుది అనీ, ఇంకొకామెని అదోలా గడుసుది అనీ అనడంలో ఉన్న తేడా బహుశా ఇదే.

అక్క లెక్క

సినిమా అయిపోయాక టీ తాగుతుంటే ఎవరో అన్నారు. "అక్కా, నువ్వెప్పుడైనా ఇలాంటి గడుసు పని చేశావా?"

అక్క సిగ్గుపడుతూ చెప్పింది. వచ్చిన కొత్తలోనే ఇంటికి జీతం పది దినార్లు తక్కువ చెప్పిందట. నెలనెలా ఆ పదీ పక్కన పెట్టేది. ఏడాదికోసారి మనామా బంగారం బజారుకి వెళ్ళి చిన్న ముక్క కొనుక్కునేది. కూతుర్ని నర్సింగ్ చదివించాలని కోరిక. డబ్బుగా పంపితే అది మరిది అప్పుకో, ఇంటి కప్పుకో, ఏదో ఒకదానికి పోతుంది. అదీ ఆవిడ భయం. అలా ఆరేళ్ళు గడిచాయి.

ఆ మధ్య సెలవుకి వెళ్ళినప్పుడు మొగుడికి ఎలాగో అనుమానం వచ్చింది. తోటి పనివాళ్ళ జీతాలు తెలిశాయేమో. పిల్లని ముందు కూర్చోబెట్టుకుని అడిగాడట. "దాని మీద ఒట్టేసి చెప్పు. నీ జీతమెంత?"

"ఒట్టేసి అబద్ధం ఆడలేనుగా అండి. చెప్పేశాను. దాచింది కూడా చెప్పేశాను. కొడతాడేమో అనుకున్నాను."

"కొట్టాడా?"

"లేదండి. సేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, నా దగ్గరుంటే ఖర్చయిపోద్దే, ఎక్కడ దాచావో నాక్కూడా చెప్పమాక అని."

మేమందరం ఘొల్లుమన్నాం. నర్సు కళ్ళు తుడుచుకుంది. నవ్వి తుడుచుకుందో, ఏడ్చి తుడుచుకుందో నేను అడగలేదు.

చట్టం దగ్గరో, మొగుడి దగ్గరో, లోకం దగ్గరో సూటిగా అడిగితే దొరకనిది ఏదో ఉంటుంది. దాన్ని పక్కదారిన తెచ్చుకోవడమే ఆడవాళ్ళ గడుసుతనం అనిపిస్తుంది నాకు. సూటి దారి మూసేసిన చోటే గడుసుతనం పుడుతుంది. అడెలీనాకి సరైన పని దొరికి ఉంటే ఆ లెక్కలు ఎందుకు? అక్క జీతం అక్క చేతిలోనే ఉండి ఉంటే ఆ పది దినార్లు దాచడమెందుకు? అందుకే గడుసు ఆడవాళ్ళ కథలకి నవ్వుతూనే, ఆ తెలివి వాళ్ళకి అవసరమైన పరిస్థితి వంక కూడా ఒకసారి చూడాలి. డి సికా సినిమా పైకి చెప్పదు గానీ, చూపిస్తుంది.

తెర వెనుక సోఫియా

సోఫియా లారెన్ సొంత బతుకులోనూ ఇలాంటి చిక్కుముళ్ళే. నేపుల్స్ పక్కన పొజ్జువోలీలో పేదరికంలో, యుద్ధం రోజుల్లో పెరిగింది. నిర్మాత కార్లో పోంటీని ప్రేమించింది. ఆయనకి అప్పటికే పెళ్ళయింది. ఇటలీలో విడాకుల చట్టమే లేదు. అది 1970లో గానీ రాలేదు. 1957లో మెక్సికోలో, వధూవరులు ఇద్దరూ లేకుండానే వాళ్ళ తరఫు మనుషులతో పెళ్ళి జరిపించుకున్నారు. దాంతో స్వదేశంలో ద్విభార్యత్వం కేసు పడింది. ఆ పెళ్ళిని రద్దు చేయించుకుని, ఫ్రాన్స్ పౌరసత్వం తీసుకుని, 1966లో అక్కడ మళ్ళీ పెళ్ళి చేసుకున్నారు. అంటే అడెలీనాగా నటిస్తున్నప్పుడు ఆమెకి చట్టం దృష్టిలో మొగుడు లేడు.

ఇంకొకటి ఉంది. దిండ్లు కట్టుకుని గర్భిణిగా నటిస్తున్న ఆ రోజుల్లోనే ఆమె నిజంగా నెల తప్పింది. ఆ గర్భం నిలవలేదు. తర్వాత ఎన్నో జాగ్రత్తలు తీసుకుంటే గానీ, 1968 డిసెంబర్‌లో మొదటి కొడుకు పుట్టలేదు. ఇది తెలిశాక అడెలీనా పొట్ట ముందుకు పెట్టుకుని వీధిలో దర్జాగా నడిచే దృశ్యాన్ని నేను మునుపటిలా చూడలేకపోయాను. పన్ను వ్యవహారంలో ఆమె 1982లో నిజంగానే పదిహేడు రోజులు జైల్లో కూడా ఉంది. అడెలీనాని జైలు నుంచి తప్పించిన కథలో నటించిన మనిషి!

చూడాలనుకుంటే

సినిమా నిడివి రెండు గంటలకి రెండు నిమిషాలు తక్కువ. ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళతో దొరుకుతుంది. ఇటాలియన్ మాటలతోనే చూడండి. డబ్బింగ్‌లో నేపుల్స్ వాళ్ళ కేకలు, చేతులు తిప్పే తీరు సగానికి సగం పోతాయి. మొదటి రెండు కథలూ ఈడొచ్చిన పిల్లలతో కలిసి చూడొచ్చు. మూడో కథని పిల్లలు పడుకున్నాక చూసుకోవడం నయం. అసభ్యమేమీ లేదు. కానీ "అమ్మా, ఆవిడ ఏం పని చేస్తుంది?" అని అడిగితే జవాబు చెప్పుకోవాలి కదా!

నచ్చితే మరుసటి ఏడాది ఇదే బృందం చేసిన "మ్యారేజ్ ఇటాలియన్ స్టైల్" కూడా చూడండి. డి ఫిలిప్పో నాటకం "ఫిలుమేనా మార్తురానో" ఆధారంగా వచ్చింది. చావుబతుకుల్లో ఉన్నట్టు నటించి, ఏళ్ళ తరబడి తనని వాడుకున్న మనిషి చేత తాళి కట్టించుకునే ఆడదాని కథ. ఆమెకి ముగ్గురు కొడుకులు. వాళ్ళలో ఒకడు నీ కొడుకు అంటుంది. ఎవరో మాత్రం చెప్పదు. చెబితే ఆ ఒక్కణ్ణే చూసుకుంటాడు, మిగతా ఇద్దరూ ఏమైపోవాలి? నన్నడిగితే గడుసుతనానికి పరాకాష్ఠ అదే.

అయితే మా గుంపు వచ్చే శుక్రవారానికి వేరే సినిమా అనుకుంది. ఆ రోజు టీ తాగుతూ నేను మధురవాణి సంగతి చెబితే అక్క పట్టుపట్టింది, ఆవిణ్ణి చూడాలని. 1955లో పి. పుల్లయ్య తీసిన "కన్యాశుల్కం" వెతికి పెట్టాను. మధురవాణి సావిత్రి, గిరీశం ఎన్టీఆర్. అదే ఏడాది సావిత్రి "మిస్సమ్మ"లో ఉద్యోగం కోసం లేని మొగుణ్ణి ఉన్నట్టు చూపించింది కూడా. గడుసు ఆడవాళ్ళకి మనకి మాత్రం కొరతా?

పులిహోర నా వంతు. పక్కన కూర్చుని మాట మాటా చెప్పే పని మాత్రం ఈసారి నాకు ఉండదు. గిరీశం ఇంగ్లీషు వచ్చినప్పుడు తప్ప.